గుండెలో బెజ్జము: భయము వద్దు, ఆలస్యము అసలే వద్దు



కొన్నేండ్ల క్రితము రెంటచింతలలో ఒక ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి తన ఆరేండ్ల పాపను వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చింది. "అయ్యగారూ, మా పాపకు గుండెల్లో బెజ్జం ఉందంట. రొమ్ము కోసి కుట్టాలంట. ఆడపిల్ల గదయ్యా, ఆ మచ్చతో రేపు పెండ్లెట్లా?" అని కన్నీళ్ళు పెట్టుకొంది. "ప్రార్థన చేద్దామమ్మా, వయసుతో పాటు అదే పూడిపోతుందిలే" అని మేము ధైర్యము చెప్పి పంపాము. ప్రార్థించుట మంచిదే. కాని వైద్యుడు చెప్పవలసిన మాటను మేము చెప్పాము. ఆ తప్పును ఒప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పుట్టే ప్రతి 100 మంది బిడ్డలలో దాదాపు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపము ఉంటుంది. ఇది గ్రహణము వలన వచ్చినది కాదు, తల్లిదండ్రుల పాపఫలము కాదు. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్నకు ప్రభువు ఏమి జవాబిచ్చాడో మనకు తెలుసు. చాలామంది బిడ్డలలో కారణము ఇదని చెప్పలేము. గర్భిణికి తొలి నెలలలో రుబెల్లా సోకుట, అదుపులో లేని షుగరు, దగ్గరి మేనరికములు కొంత కారణము కావచ్చును.

గుండెలో నాలుగు గదులున్నవి. నడిమి గోడకు రంధ్రముంటే ఊపిరితిత్తులకు అవసరానికి మించిన రక్తము పోతుంది. చేను గట్టుకు గండి పడితే ఒక మడిలో నీరు ఎక్కువై పైరు కుళ్ళినట్లే ఇదియు. చిన్న రంధ్రములు కొన్ని తమంతట తామే పూడిపోతాయి. పెద్దవి అలా పూడవు. ఏండ్లు గడిచే కొద్దీ ఊపిరితిత్తుల రక్తనాళములు గట్టిపడి, ఒక దశ దాటితే రంధ్రమును మూయుటే ప్రమాదమవుతుంది. ఏది పూడేది, ఏది పూడనిది అన్నది ఎకో పరీక్ష తేల్చాలి గాని మన ఊహ కాదు.

రొమ్ము కోయకుండా గుండెను చేరే దారి ఎలా దొరికింది? 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అను వైద్యుడు సన్నని గొట్టమును తన చేతి నరము గుండా తన గుండెలోనికే పంపుకొని, ఎక్స్‌రే గదికి నడచి వెళ్ళి ఫోటో తీయించుకొన్నాడు. 1956లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. 1976లో అమెరికా వైద్యులు కింగ్, మిల్స్ ఆ దారిననే గుండె పైగదుల నడుమ రంధ్రమును మూసిన సంగతి లోకానికి తెలిపారు.

ఇప్పుడు చేసే విధానమిది. బిడ్డకు మత్తు ఇచ్చి, తొడ మొదట ఉన్న రక్తనాళములోనికి సూదితో దారి చేసి, కెథీటర్ అను సన్నని గొట్టమును గుండె వరకు పంపుతారు. నికెలు, టైటానియము కలిసిన తీగతో అల్లిన రెండు బిళ్ళల సాధనము మడిచి గొట్టములో ఉంటుంది. రంధ్రము దగ్గర బయటికి రాగానే గొడుగువలె విచ్చుకొని గోడకు అటొకటి, ఇటొకటి అతుక్కుంటాయి. కొన్ని నెలలలో గుండె పొరయే దానిని కప్పివేస్తుంది. పుట్టిన తరువాత మూసుకొనవలసిన నాళము (పి.డి.ఏ.) తెరచియుంటే దానిని కూడ ఇలాగే మూస్తారు. ఇరుకైన కవాటమును బెలూనుతో వెడల్పు చేస్తారు. అయితే అన్ని లోపములకు ఈ దారి సరిపడదు. రంధ్రము చుట్టు అంచు లేకున్నా, బిడ్డ నీలిరంగు తిరిగే కొన్ని జబ్బులలోనూ శస్త్రచికిత్సయే శరణ్యము.

గుర్తులు తెలుసుకొనండి. పాలు త్రాగుతూ మధ్యలో ఆగి ఆయాసపడుట, నుదుట చెమట, మాటిమాటికి రొమ్ము పడిశము, బరువు పెరగకపోవుట, పెదవులు నీలమగుట. మన రెంటచింతల ఎండలకు పేరుబడ్డ ఊరు గనుక బిడ్డ చెమటను ఎండ మీదికి నెట్టివేస్తాము. సంక్రాంతి చలిలోనూ పాలు త్రాగేటప్పుడు చెమట పడితే అది ఎండ కాదు.

ఖర్చుకు జంకి మిరప చేను అమ్మనక్కరలేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు మన రాష్ట్రములో ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో ఉన్న పథకము గూర్చి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. 2013 నుండి బడులలో, అంగన్‌వాడీలలో బిడ్డలను పరీక్షించే ప్రభుత్వ బృందములు వస్తున్నవి. ఆ రోజు బిడ్డను పొలానికి పంపక బడికి పంపండి. తిరుపతిలో 2021లో చిన్నపిల్లల గుండె జబ్బులకే దేవస్థానమువారు పద్మావతి హృదయాలయమును తెరిచారు.

ఆ పాప సంగతి చెప్పాలి గదా. మరుసటి ఏడు బడి పరీక్షలో డాక్టరు పట్టుకొని పెద్దాసుపత్రికి పంపారు. గుండె కుడివైపు ఉబ్బింది గాని వేళ మించలేదు. కోత లేకుండానే రంధ్రము మూశారు, మూడవ నాటికి ఇల్లు చేరింది. "మచ్చేదయ్యా? సూది గుచ్చినంతే!" అని తల్లి నవ్వినప్పుడు మేము తల దించుకొన్నాము. మేము పోగొట్టిన ఆ ఏడాది మరి ఏ బిడ్డకూ పోకూడదు. ప్రార్థించండి, ఆ రోజే ఎకో తీయించండి.