తెరమీద భూతమెంతసేపు నిలువవలెను?



మొన్నటి వేసవి సెలవులలో మా మనుమడు రామగిరికి వచ్చి, నా ప్రక్కన అరుగుమీద కూర్చుండి, చేతిలోని ఫోనులో ఒక చలనచిత్రమును చూచుచుండెను. ఆ చిత్రమున కొండవంటి మృగమొకటి సముద్రమునుండి లేచివచ్చి పట్టణములను కూల్చునట. వాడు చిత్రమును చూచుటకంటె వ్రేలితో ముందునకు త్రోయుటయే యెక్కువగా నుండెను. "ఏమిరా, అట్లు దాటించుచున్నావు?" అని యడిగితిని. "తాతా, రెండు గంటల సినిమాలో ఆ మృగము కనపడేది పది నిమిషాలే. పేరు దానిది, సినిమా అంతా మనుషులది. ఇది మోసము కాదా?" అని వాడు నన్నే యడిగెను.

ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పినవాడనయ్యు, ఆ పూట వానికి సరియైన యుత్తరము చెప్పలేకపోతిని. పిమ్మట ఆలోచింపగా, ఇది సినిమాలను గూర్చిన ప్రశ్న మాత్రమే కాదనియు, మన పురాణములకును, తోలుబొమ్మలాటలకును, రాత్రివేళ పిల్లలకు మనము చెప్పు కథలకును సంబంధించినదనియు తోచినది. అందుచే దానిని మీ సన్నిధిని విచారింప దలచితిని.

మొదట లెక్క చెప్పెదను. 1954లో జపాను దేశమున ఇషిరో హోండా యను దర్శకుడు గాడ్జిల్లా యను చిత్రమును తీసెను. దాని నిడివి 96 నిమిషములు. అందలి మృగము తెరమీద నుండు కాలమంతయు కూడినను సుమారు పది నిమిషములేయని లెక్కించినవారి మాట. 1975లో అమెరికాలో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన జాస్ చిత్రము రెండు గంటలకు పైబడినది. అందలి సొరచేప మొగము మనకు చక్కగా కనబడుసరికి 80 నిమిషములు గడచిపోవును. 1993 నాటి జురాసిక్ పార్కు 127 నిమిషముల చిత్రము. పూర్వయుగపు మహాజంతువుల పాలు అందులో సుమారు 15 నిమిషములు. అన్నిటికంటె ముందటిదైన 1933 నాటి కింగ్‌కాంగ్‌లో, ఆ మహావానరము ముప్పాతిక గంట గడచినగాని దర్శన మీయదు. కావున మా మనుమని లెక్క తప్పు కాదు. ఇక నిది మోసమా, కాదా యనుటయే విచారింపవలసినది.

దీనికి మొదటి కారణము మిక్కిలి లౌకికమైనది. భూతమును చూపుట కష్టము, ధనవ్యయము. కింగ్‌కాంగ్ చిత్రమునకు విల్లిస్ ఓబ్రియన్ అను శిల్పి వాడిన బొమ్మ యెత్తు మన మూరెడు మాత్రమే. లోహపు కీళ్లమీద రబ్బరును, బొచ్చును తొడిగిన బొమ్మ యది. దాని చేతిని వెండ్రుకవాసి కదిపి ఒక ఛాయాచిత్రము, మరల కదిపి మరియొక ఛాయాచిత్రము - ఇట్లు 24 చిత్రములు తీసినగాని తెరమీద ఒక్క సెకను గడవదు. నిమిషమునకు 1,440 చిత్రములు! గాడ్జిల్లా సంగతి వేరు. అందు హరువో నకజిమా యను నటుడు మిక్కిలి బరువైన రబ్బరు తొడుగులో దూరి, దీపముల వేడిమికి ఉడికిపోవుచు నడచెను. అట్టి తొడుగులో ఎవ్వడు గాని ఎంతసేపు నిలువగలడు? జాస్ చిత్రమునకు యంత్రపు సొరచేపలను చేయించిరి. అవి సముద్రపు ఉప్పునీట దిగగానే మాటిమాటికి చెడిపోయెను. దర్శకుడు గత్యంతరము లేక, చేపను చూపుటకు మారుగా నీటిమీద తేలు పసుపుపచ్చని పీపాలను చూపి, జాన్ విలియమ్స్ కూర్చిన వాద్యధ్వనిని వినిపించెను. పీపా కదలినచో క్రింద చేప యున్నదని ప్రేక్షకుడే ఊహించుకొని వణకెను. యంత్రము చెడుట చిత్రమునకు మేలే యైనది.

ఏల మేలైనది? ఇచ్చట మన పెద్దల శాస్త్రము అక్కరకు వచ్చును. భరతుడు నాట్యశాస్త్రమున చెప్పిన ఎనిమిది రసములలో భయానక మొకటి. రసము పుట్టుటకు విభావము, అనుభావము, వ్యభిచారిభావము అను సామగ్రి కావలెను. భయమునకు కారణమైన భూతము విభావము. దానిని చూచినవాని యొడలు వణకుట, మొగము వెలవెలబోవుట, కంఠము తడబడుట - ఇవి అనుభావములు. గమనింపుడు: భూతము ఈ సామగ్రిలో ఒక యంశము మాత్రమే. తక్కిన పని యంతయు చూచువారి మొగములది. పొరుగింటివాడు పాము పాము అని కేకవేసి పరుగెత్తునప్పుడు మన గుండె దడదడ కొట్టుకొనును గదా! మనము పామును చూచితిమా? లేదు, వాని మొగమును చూచితిమి.

గాడ్జిల్లా చిత్రములో తక్కిన 86 నిమిషములు ఆ పనికే వినియోగింపబడినవి. మొదట ఓడలు మునుగును. పిదప దీవిలో పెద్ద యడుగుజాడలు కనబడును. ఊరివారు కొండయెక్కి చూతురు. కొండయంచున తల యొక్కటి తోచి మరుగగును. పట్టణము కాలిన పిదప వైద్యశాలలో గాయపడినవారి బారులు, తల్లిని కోల్పోయిన బిడ్డల యేడ్పు. 1945లో హిరోషిమా, నాగసాకి పట్టణములపై అణుబాంబులు పడినవి; 1954 మార్చిలో బికినీ దీవులకడ జరిగిన బాంబు పరీక్షవలన జపాను చేపలపడవ యొకటి విషధూళిపాలైనది. ఆ యేడే వచ్చిన చిత్రమిది. చూచినవారికి ఆ మృగము మృగముగా తోచలేదు; తమ తలపై పడిన విపత్తుగా తోచినది. విపత్తు ఎంతసేపు కనబడెనని ఎవ్వరును గడియారము చూడరు.

ఈ విద్య పడమటి దేశములనుండియో, జపానునుండియో మనము నేర్వవలసినది కాదు. వాల్మీకి మహర్షి కుంభకర్ణుని గూర్చి చేసినది చూడుడు. లంకాయుద్ధమున కుంభకర్ణుడు మేల్కొనుట మొదలు నేలకూలు వరకు నడచునది ఎనిమిది సర్గలు. అందొక సర్గ దాదాపుగా వానిని లేపుటకే చెల్లినది. మాంసపు రాసులు పోయుట, శంఖములూదుట, భేరులు కొట్టుట, ఒడలిమీద ఏనుగులను నడపించుట! వాడు కత్తి పట్టలేదు, నోరు విప్పలేదు, నిద్రించుచున్నాడు. వాని యాకారము మన మనస్సులో పెరిగినది మాత్రము ఆ నిద్రలోనే. పిదప వాడు రాజవీథిని నడచిపోవుచుండగా, కోటగోడకు ఆవలనున్న వానరులు దూరమునుండి చూచి, యుద్ధము మొదలు గాకమునుపే చెట్టునకొకడు, గుట్టకొకడుగా పారిపోయిరి. అనుభావమన నిదియే.

అప్పుడు విభీషణుడు రామునితో చెప్పిన మాట యొకటి నాకు మిక్కిలి ఇష్టము. ఇది ఎత్తి నిలిపిన యంత్రమని వానరులతో చెప్పింపుము, భయము విడుతురు, అని అతని యాలోచన. చూచితిరా! యంత్రమని తెలిసినచో భయము పోవును. స్పీల్‌బర్గ్ సొరచేప నిజముగా యంత్రమే; దానిని ఎక్కువసేపు చూపినచో ప్రేక్షకుడను వానరునకు ఆ రహస్యము తెలిసిపోవును. అందుకే దాచవలసి వచ్చినది.

మా రామగిరిలోనే దీనికి దృష్టాంతమున్నది. 1990వ దశకమున మా కొండలమీద గాలిమరలను నిలిపిరి. మొదట ఆ కంబములను, తిరుగు రెక్కలను చూచుటకు చుట్టుప్రక్కల పల్లెలనుండి జనులు బండ్లు కట్టుకొని వచ్చిరి. చిన్నపిల్లలు జడిసి తల్లుల చెంగు పట్టుకొనిరి. నేడు వాని నీడలోనే గొర్రెల కాపరి తలయెత్తి చూడక బువ్వ తినుచున్నాడు. ఎల్లవేళల కనబడునది ఎంత పెద్దదైనను వింత కాదు, భయము కాదు.

అట్లైన, భీమకాయుడైన వాడు ఎప్పుడును తక్కువగానే కనబడవలెనా? అట్లనరాదు. 1957లో వచ్చిన మాయాబజార్‌ను తలచుకొనుడు. దాని దర్శకుడు కె. వి. రెడ్డి మన అనంతపురపు సీమలోని తాడిపత్రి ప్రాంతమువాడే. మూడు గంటల ఆ చిత్రమున ఘటోత్కచుడు కథ చాల దూరము నడచిన పిమ్మట వచ్చును. వచ్చిన పిదప మాత్రము దాగడు. ఎస్. వి. రంగారావు గద భుజమున నుంచుకొని నవ్వుచు మన యెదుటనే యుండును. పెండ్లివారి వంటలన్నియు మన కన్నులముందే ఆరగించును. అయినను విసుగు పుట్టదు. కారణమేమి? అతడు భయానకమునకు వచ్చినవాడు కాడు. హాస్యమునకు, అద్భుతమునకు వచ్చినవాడు. సుభద్రకు బిడ్డవంటివాడు, అభిమన్యునకు అన్న. చుట్టమును ఎంతసేపు చూచినను తనివి తీరదు గదా!

ఆ చిత్రములో మరియొక వింత గలదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించిన తరువాత, తెరమీద నున్నది సావిత్రి. అయినను ఆ నడకలో, ఆ హుంకారములో ఉన్నవాడు ఘటోత్కచుడు. ఆ నిమిషములను ఎవరి ఖాతాలో వ్రాయవలెను? పాండవులైదుగురును ఆ చిత్రమున ఎక్కడను కనబడరు. అయినను వారి కథయే నడచుచున్నదని మనకు తెలియును. కావున కనబడుట వేరు, ఉండుట వేరు. గడియారము కనబడుటను మాత్రమే కొలువగలదు.

ఇక మా మనుమని పక్షము కొంత చెప్పవలెను. దాచుటకును ఒక మేర యున్నది. 2014లో అమెరికావారు గాడ్జిల్లాను మరల తీసిరి. 123 నిమిషములలో ఆ మృగము సుమారు పది నిమిషములే కనబడెను. నిడివి పాతదానితో సమానమే. అయినను చాలమంది ప్రేక్షకులు గొణిగిరి. ఏలయనగా, రెండు మృగములు ఎదురుపడి పోరు మొదలగు సమయమునకు దర్శకుడు దృశ్యమును మరలించి, ఇంటిలోని టెలివిజను తెరమీద కొంచెము చూపి సరిపెట్టెను. ఆశ కల్పించి తీర్చకపోవుట అది. వాల్మీకి అట్లు చేయలేదు. ఎంతసేపు వేచియుండుమనెనో, కుంభకర్ణుని పోరును, పాటును అంతకు తగినట్లు వర్ణించెను. నిరీక్షణ అప్పువంటిది, వడ్డితో తీర్చిననే మర్యాద.

మా చిన్నతనమున శివరాత్రినాడు తోలుబొమ్మలాట తెల్లవార్లు నడచెడిది. ఆముదపు దీపముల వెలుగున జుట్టుపోలిగాడును, బంగారక్కయు మాటిమాటికి వచ్చి నవ్వించుచుండిరి. నిడివిని కొలిచినచో ఆ రాత్రికి నాయకులు వారే! నేను కుంభకర్ణుని కొరకు కన్నులు చించుకొని కూర్చుంటిని. తెరకు దూరముగా నున్న బొమ్మ నీడ మసకగా పెద్దదై కదలును. తెరకు ఆనించిన పిదప రంగులతో స్పష్టమగును. ఆ మసకనీడను చూచి మా అవ్వ కొంగులో దూరితిని. తీరా కుంభకర్ణుడు మేల్కొనువేళకు నేను నిద్రపోయితిని! అయినను నేటికిని నాకు జ్ఞాపకమున్న కుంభకర్ణుడు ఆ చూడని కుంభకర్ణుడే.

ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో ఆ విద్య నేటికిని బ్రదికియున్నది. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. కాని ఆట పిలుచువారు తగ్గుటచే ఆ కళాకారులు తోలుతో దీపపు గొడుగులను, గోడకు వ్రేలాడదీయు బొమ్మలను చేసి జీవించుచున్నారు. పిలిచినవారును ఒక్క గంటలో ముగింపుమందురు. గంటలో ముగింపవలెనన్న మొదట పోవునది ఏది? నిరీక్షణయే. రాక్షసుడు వచ్చును, చచ్చును, దీపమారును. మా మనుమడు వ్రేలితో చేసినదానినే మనము గడియారముతో చేయుచున్నాము.

పెద్దలారా, మీకు నా విన్నపమొక్కటే. మీ యూరి జాతరకు ఆ బొమ్మలవారిని పిలిచినచో, ఒక్క రాత్రియైన నిండుగా ఆడనిండు. మనుమలకు కథ చెప్పునప్పుడు రాక్షసుని మొదటనే గడప దాటింపకుడు. వాని యడుగుల చప్పుడు కొంతసేపు విననిండు.

ఆ రాత్రి నేను మనుమనికి ఉత్తరముగా కుంభకర్ణుని కథనే మొదలుపెట్టితిని. భేరులు మ్రోగినవి, ఏనుగులు నడచినవి. "లేచినాడా తాతా?" అని వాడు మూడుమార్లడిగెను. ఫోను వాని ప్రక్కన పడియున్నది, దానిని ముట్టలేదు. "ఇంకను లేవలేదురా" అంటిని. అది మోసము కాదని వాడు ఒప్పుకొనెనో లేదో నేనడుగలేదు. కాని మరునాటి సాయంకాలము వాడే వచ్చి అరుగుమీద కూర్చుండెను.

సెలవు.