మీకు తెలుసా? చూసినవాళ్లంతా ‘ఇతడే దొంగ’ అన్నారు!

1953 జనవరి. న్యూయార్క్‌లోని స్టార్క్ క్లబ్‌లో సంగీత వాయిద్యకారుడు మానీ బాలెస్ట్రెరో. భార్య పాలసీ మీద అప్పు ఎంత వస్తుందో కనుక్కోవడానికి ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి ఉద్యోగినులు ఆయన్ని చూడగానే హడలిపోయారు. అంతకుముందు తమను బెదిరించి డబ్బు దోచుకుపోయింది ఇతడేనని గట్టిగా నమ్మారు. అరెస్టు జరిగిపోయింది.

● దోపిడీ సమయంలో దొంగ ఇచ్చిన చీటీలోని మాటల్నే పోలీసులు మానీతో రాయించారు. దొంగ ‘డ్రాయర్’ అనే మాటను తప్పుగా రాశాడు. మానీ కూడా సరిగ్గా అదే తప్పు రాశాడు! కేవలం కాకతాళీయమైన ఆ పొరపాటు పోలీసుల అనుమానాన్ని బలపరిచింది.

● విచారణ సాగుతుండగా ఒక జ్యూరీ సభ్యుడు లేచి, ‘ఇదంతా మేం వినాలా?’ అన్న ధోరణిలో జడ్జిని అడిగాడు. వాదనలు ముగియకముందే ఒక నిర్ణయానికి వచ్చేశాడని అర్థమై ఆ విచారణ రద్దయింది. మళ్లీ విచారణ మొదలయ్యేలోపే అసలు దొంగ ఒక దుకాణంలో దోపిడీకి దిగి పట్టుబడ్డాడు, పాత నేరాలూ ఒప్పుకున్నాడు.

● మానీకి విముక్తి దొరికింది కానీ, ఈ బెంగతో మానసికంగా కుంగిపోయిన భార్య రోజ్ ఆస్పత్రి పాలైంది. నిందపడ్డది ఒక్కరి మీదే అయినా శిక్ష ఇంటిల్లిపాదికీ పడింది.

● మానీ తరఫున వాదించిన లాయర్ ఫ్రాంక్ ఓకానర్ తర్వాత, ఈ కేసు నడిచిన న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతానికే డిస్ట్రిక్ట్ అటార్నీ అయ్యారు. అంటే నేరారోపణలు నడిపించే బాధ్యత ఆయనకే దక్కింది.

● ఈ కథనే ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1956లో ‘ది రాంగ్ మ్యాన్’ పేరుతో సినిమాగా తీశాడు. తన సినిమాల్లో ఎక్కడో ఒకచోట అలా కనిపించి మాయమయ్యే హిచ్‌కాక్, ఇందులో మాత్రం మొదట్లోనే తెర మీదకు వచ్చి, ఇది జరిగిన కథేనని ప్రేక్షకులకు చెప్పాడు.

● మానీగా నటించిన హెన్రీ ఫోండా, మరుసటి ఏడాదే ‘12 యాంగ్రీ మెన్’లో జ్యూరీ సభ్యుడయ్యాడు. మిగతా పదకొండు మందీ ‘దోషే’ అంటుంటే, సాక్షుల మాటల్ని ఒక్కొక్కటిగా పరీక్షిద్దామని పట్టుబట్టే పాత్ర అది.

మానీని గుర్తుపట్టామన్నవాళ్లు అబద్ధం ఆడలేదు. నిజాయితీగానే పొరబడ్డారు. అబద్ధాన్ని నిలదీసి బయటపెట్టవచ్చు. మనస్ఫూర్తిగా నమ్మి చెప్పే పొరపాటును పట్టుకోవడం అంతకంటే కష్టం. అందుకే ఎంతమంది వేలెత్తి చూపినా, వేరే ఆధారం ఉందా అని కోర్టు అడిగి తీరాలి.