అడగందే అమ్మైనా పెట్టదు

2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటు 6.50 నుంచి 5.25 శాతానికి దిగింది. పత్రికలో చదివి సంబరపడ్డాను గాని, మా ఇంటి అప్పు వాయిదా మాత్రం కదలలేదు.

"వంకాయల దగ్గర రూపాయికి పేచీ పెడతారు, బ్యాంకువాళ్ళను ఒక్క మాట అడగరేం?" అంది మా ఆవిడ.

వెళ్ళి అడిగాను. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే మారేవడ్డీ ఇంటి అప్పుల్లో చాలావాటిని రెపోతో ముడిపెట్టారట. మాది 2018 నాటి పాత పద్ధతి. "రుసుము కట్టి మారండి" అన్నారు. ఇంకా 20 లక్షల అప్పు, 15 ఏళ్ళ గడువు. వడ్డీ 9 నుంచి 8 శాతం కాగానే, వాయిదా 20,285 నుంచి 19,113 రూపాయలకు దిగింది.

అన్నట్టు, మారేవడ్డీ అప్పు ముందుగా తీర్చి వేరే బ్యాంకుకు వెళ్ళినా జరిమానా లేదు; కొత్తచోటి ఖర్చులు మాత్రం లెక్క చూసుకోండి.

నెలనెలా మిగిలే 1,172 రూపాయలూ మా ఆవిడవే. అడగమన్నది ఆవిడే కదా!