పల్నాటి నేలలోని నీటి పద్దు

పల్నాటి సీమ ప్రసక్తి వచ్చినప్పుడెల్ల శ్రీనాథుని పేరు రాక మానదు. ఆ మహాకవి ఈ సీమలో సంచరించుచు, దాహమునకు నీరు దొరకక, ఇద్దరు భార్యలతో నున్న శివుని ఉద్దేశించి, బిచ్చమెత్తువానికి ఇద్దరేల, గంగను విడిచిపెట్టుమని పరిహాసమాడెనని చాటువుల కథ. కథ నిజమో కాదో పండితులు తేల్చుకొందురు గాక. ఉత్తరమున కృష్ణ పారుచుండగా, కారెంపూడి ప్రక్కన నాగులేరు, మాచర్ల ప్రక్కన చంద్రవంక ఉండగా, ఈ సీమకు దాహమేల అనునది మాత్రము నేటికిని అడుగవలసిన ప్రశ్నయే. కృష్ణ లోతున ప్రవహించును, పొలములు ఎత్తున ఉన్నవి. తక్కిన రెండును వర్షాకాలపు వాగులు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిన తరువాత, కుడికాలువ క్రింది గ్రామముల ముఖచిత్రమే మారిపోయినది. అయితే వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మెట్టలు కాలువకు ఎగువన నిలిచిపోయినవి. అట్టి గ్రామములకు వానయే ఆధారము; ఆ వానలో నేల దాచి ఉంచినదే వేసవికి ఆధారము. ఈ వ్యాసము ఆ దాచిన నీటిని గురించినది.

నేల నీటిని ఎట్లు దాచునో ముందు చూతము. గురజాల, మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతములలో నల్లరేగడి క్రింద నున్నది సున్నపురాయి. పొరలు పొరలుగా లేచి వచ్చు నాపరాళ్ళు ఆ జాతివే. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరు తెచ్చినది ఆ రాయియే. రాతి ముద్దలో నీరు నిలువదు. నిలుచునది దాని పగుళ్ళలోనే. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిగా పులుపెక్కును. ఆ కొద్ది పులుపు వేల యేండ్లుగా రాతిని కరిగించి, పగులును సందుగాను, సందును సన్నని సొరంగముగాను మలచుచున్నది. కనుకనే ఒకని బోరులో నీరు ఉబికివచ్చును, పదిగజముల దూరమున పొరుగువాని బోరు పొడిరాతి పిండి చిమ్మి ఊరుకొనును. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకొని పొలమంతయు తిరుగువారికి గిరాకి తగ్గకపోవుటకు ఈ పగుళ్ళే కారణము. పది బోర్లలో నాలుగు పడినచో ఆ నాలిగింటి కథే ఊరంతయు చెప్పుకొందురు. ఎండిపోయిన ఆరింటిని గురించి అప్పు ఇచ్చినవాడు తప్ప ఎవ్వరును మాటాడరు.

వినుకొండ వైపు గ్రానైటు జాతి శిలలున్నవి. అచ్చట పైపొర శిథిలమై ఇసుకవలె మారినచోట నీరు నిలుచును. ఆ మందము దాటిన పిమ్మట గట్టిరాయే. రెండుచోట్లను తేలునది ఒక్కటే. మన కాళ్ళక్రింద నదులు పారుచున్నవను నమ్మకము సరి కాదు. నేలక్రింద నున్నది వట్టి తొట్టి, అదియు చిన్నది.

ఈ తొట్టిలోనికి ఏటేట వచ్చు జమ ఎంత? ఒక మెట్ట గ్రామమును ఊహింతము. దాని విస్తీర్ణము 2,500 ఎకరములు, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వర్షము అనుకొందము. ఆ గ్రామముపై పడిన వాన మొత్తము సుమారు 70 లక్షల ఘనపు మీటర్లు. సంఖ్య చూడగా మన కేమి కొదువ అనిపించును. అయితే అందులో పెద్దభాగము ఎండకు ఆవిరియగును, పైరులు, చెట్లు త్రాగివేయును, కొంత వాగులలో బడి పోవును. సున్నపురాతి నేలలలో, పెద్ద గుహలు లేనిచోట, నూటికి ఆరు వంతులు మాత్రమే లోనికి ఇంకునని కేంద్ర ప్రభుత్వపు భూగర్భజల అంచనా సంఘము 1997లో ప్రమాణముగా సూచించినది. ఆ లెక్కన మన గ్రామపు జమ సుమారు 4 లక్షల 25 వేల ఘనపు మీటర్లు.

ఇక ఖర్చు. రెండువేల మంది జనమునకు తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 40 వేల ఘనపు మీటర్లు. ఎనిమిదివందల గేదెలకు త్రాగుటకును కడుగుటకును కలిపి రోజుకు 60 లీటర్ల చొప్పున 17,500. మిగిలినది 3 లక్షల 67 వేలు. దీనిలో సేద్యమెంత సాగును? వరికి స్థూలముగా 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను, అనగా ఎకరమునకు 4,850 ఘనపు మీటర్లు. ఆ లెక్కన 75 ఎకరముల వరి. మడిలోని నీటిలో పదింట మూడువంతులు మరల నేలలోనికే ఇంకునని జమ కట్టినను 110 ఎకరములకు చేరదు. మిరపకు అందులో సగము నీరు చాలుననుకొన్నచో 150 ఎకరములు. శనగ, జొన్న వంటి ఆరుతడి పైరులకైనచో 300 ఎకరములు. ఒకే నీరు, మనము వేయు గింజను బట్టి డెబ్బదియైదు ఎకరములో, మూడువందల ఎకరములో.

లెక్క మీరినచో ఏమగును? ఆ గ్రామమున బోర్లక్రింద 200 ఎకరముల వరి వేసిరనుకొందము. తిరిగి ఇంకునది పోగా నికరముగా 6 లక్షల 80 వేల ఘనపు మీటర్లు వ్యయమగును. లోటు మూడు లక్షలకు పైమాట. ఈ లోటును నేల తన నిలువ నుండి తీర్చవలెను. సున్నపురాతిలో నూరు పాళ్ళు రాయి తడిసియున్నను, బయటికి వచ్చు నీరు రెండు పాళ్ళే. ఆ కారణమున ఈ లోటు తీరుటకు గ్రామమంతటను నీటిమట్టము సగటున మీటరున్నర దిగవలెను. ఒక్క ఏడాదిలో ఇది ఎవ్వరికిని కానరాదు. నాలుగైదేండ్లలో ఏడు మీటర్లు దిగునప్పటికి మొదట ఎండునది వరి వేసిన ఆసామి బోరు కాదు. అతడు మరికొంత లోతు దింపించుకొనును. ఎండునది ఊరి నడుమనున్న చేతిపంపు, బీదల పేటలోని చేదబావి. నీటిని అధికముగా వాడినవాడు ఒకడు, బిందె చంకనెత్తుకొని మైలు నడుచు ఇల్లాలు మరియొకతె.

పూర్వము ఈ లెక్కలు లేవు కదా, ఎట్లు గడచినది అని అడుగవచ్చును. పూర్వమును లెక్క ఉండెడిది, దానిని ఎద్దులు వేసెడివి. మోట తోలు ఎద్దు మధ్యాహ్నమునకు అలసిపోవును. రాత్రి బావి ఊరును. ఎద్దు బలమే బావికి కాపలా. ఆయిలింజను వచ్చి ఆ కాపలాను తొలగించినది. విద్యుత్తు మోటారు వచ్చినది. 2004లో సేద్యపు విద్యుత్తును ఉచితము చేసిన పిమ్మట, కరెంటు రాగానే తనంత తానే తిరుగునట్లు మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు బిగించి రైతు ఇంట నిద్రపోవుచున్నాడు. ఇందులో రైతును నిందింపను. పొరుగువాడు తోడుచుండగా తాను ఆపినందువలన మిగులునది అతని బోరులోనికే పోవునను భయము సహేతుకమైనది. రాతి పగులుకు గట్టులు, హద్దురాళ్ళు తెలియవు.

చట్టము మాత్రము చిరకాలము హద్దురాళ్ళనే నమ్మినది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము, నిర్దిష్టమైన ధారగా పారని భూగర్భజలమును తన భూమి హద్దులలో ఎంతయైనను తోడుకొను హక్కు భూస్వామికి కలదు. ఈ హక్కుకు మన రాష్ట్రమున గట్టి పగ్గము వేసినది 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము. జనులు దానిని వాల్టా అందురు. ప్రజల మంచినీటి వనరుకు 250 మీటర్లలోపల అనుమతి లేనిదే కొత్తబావి త్రవ్వరాదని అందు నిబంధన. మంచి నిబంధనయే. అయితే రాత్రి పదిగంటలకు వచ్చి తెల్లవారకముందే వెడలిపోవు రిగ్గును ఏ అధికారి పట్టగలడు? పట్టగలవారు ఆ ఊరివారే. వారికి తమ మంచినీటి బోరు చుట్టు 250 మీటర్ల గిరి ఎక్కడివరకో తెలిసియుండవలెను.

ఊరివారే లెక్క పట్టిన ఉదాహరణ దూరమున లేదు. నెదర్లాండ్సు దేశపు సహాయముతో మొదలై, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2010 ప్రాంతము వరకు సాగిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకము, నాటి ఉమ్మడి రాష్ట్రమున ఏడు కరవు జిల్లాలలో ఆరువందలకు పైగా పల్లెలలో నడచినది. పొరుగుననున్న ప్రకాశము అందొకటి. ఆ పల్లెలలో రైతులే వర్షమాపకములు పెట్టుకొని దినదినము వాన కొలిచిరి. ఎంపిక చేసిన బోర్లలో పదునైదు దినములకొకమారు నీటిమట్టము కొలిచిరి. అంకెలను ఊరి గోడమీద అందరికి కనబడునట్లు వ్రాసిరి. రబీ విత్తనములకు ముందు ఒకచోట కూడి, నేలలో ఎంత నీరున్నది, ఎవరెవరు ఏ పైరు వేయ దలచిరి, దానికెంత కావలెను అని జమాఖర్చు వేసిరి. లోటు తేలినచో ఎవ్వరిని శాసించలేదు, జుల్మానా విధింపలేదు. ఏ పైరు వేయుటయు ఎవరి ఇష్టము వారిదే. అయినను వరి తగ్గించి ఆరుతడి పైరులకు మరలిన రైతులు పెక్కుమంది. కారణము సుళువుగా ఊహింపదగినది: లోటు కంటికి కనబడినప్పుడు పెట్టుబడి పెట్టు చేయి ఆగును. సగము పైరులో ఎండిపోవు వరికంటె చివరివరకు నిలుచు శనగ లాభమని రైతునకు మరియొకరు చెప్పనక్కరలేదు.

ఈ పద్దు పద్ధతినే పాటించుచు కేంద్ర ప్రభుత్వము 2019 డిసెంబరులో అటల్ భూజల యోజన ప్రారంభించినది. అందు చేర్చిన ఏడు రాష్ట్రములలో తెలుగు రాష్ట్రములు లేవు. విద్య నేర్పిన యింటివారికి పంక్తిలో ఆకు వేయనట్లైనది.

మహారాష్ట్రమున మరియొక త్రోవ త్రొక్కిరి. 1972 కరవు తరువాత పూనా జిల్లా పురందర్ తాలూకాలో విలాస్‌రావ్ సాళుంఖే గారు ప్రారంభించిన పానీ పంచాయతు, నీటిని భూమిని బట్టి కాక ఇంటిలోని తలలను బట్టి పంచినది. తలకు అర ఎకరము, కుటుంబమునకు హెచ్చుగా రెండున్నర ఎకరములు. చెరకు కూడదు. భూమిలేని వానికిని నీటిలో వాటా. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని చెప్పుకొను సీమవారికి ఈ ఏర్పాటు వింతగా తోచరాదు. అయినను మన యెడ అది వెంటనే సాధ్యమని నేను చెప్పజాలను. పద్దు వ్రాయుట వాటాలు పంచుటకంటె సులభము. అదే ముందు జరుగవలెను.

కొందరు చెక్‌డ్యాములు, ఊటకుంటలు కట్టినచో చాలునందురు. 2000లో నీరు-మీరు కార్యక్రమము వచ్చిన నాటినుండి అవి చాల లేచినవి, మేలును చేసినవి. కాని రెంటచింతల ఎండలను గురించి వేసవిలో మా వార్తలలో వినని వారుండరు. ఆ ఎండలో తెరచియున్న కుంటలోని నీరు ఇంకుటకంటె ముందే ఆవిరియగును. రేగడి మన్ను పేరుకొన్నచో అసలే ఇంకదు. ఏటేట పూడిక తీయవలెను. పైగా ఎగువవాడు ఆపిన నీరు దిగువవాని జమలో తగ్గును. బిందుసేద్యమును అట్టిదే. మిగిలిన నీటితో మరి రెండెకరములు నాటినచో పద్దులో మిగులు సున్న.

ఇండ్లవారు చేయవలసిన పని ఒకటున్నది. సున్నపురాతి సందులలో నీరు వడకట్టబడదు. మరుగుదొడ్డి గుంట నుండి జారినది కొలది దినములలోనే దూరపు బోరునకు చేరవచ్చును. కావున ఇంకుడుగుంటలోనికి పైకప్పు వాననీటిని తప్ప మురికినీటిని పంపరాదు. వినుకొండ, బొల్లాపల్లి వైపువారికి ఫ్లోరైడు చింత వేరు. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు గుర్తించిరి. మన దేశమున తొలి నివేదిక అదే. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును, ఒకటిన్నర దాటరాదు. నీటిలో చేరిన ఫ్లోరైడును కాచి వడపోసినంత మాత్రమున తీయజాలము. కాచిన కొలది అది చిక్కబడును. బోరు లోతు దింపించిన ప్రతిసారి నీటిని మరల పరీక్ష చేయించుట మేలు, ఏలయన లోతు మారినప్పుడు నీటి గుణమును మారవచ్చును.

పద్దు మొదలుపెట్టుటకు పెద్ద సామగ్రి అక్కరలేదు. పాఠశాల ఆవరణలో చెట్టునీడ పడని చోట ఒక వర్షమాపకము. ఊరి నలుదిక్కుల నాలుగైదు బోర్లు లేక బావులు. మీటరునకొక ముడి వేసి, కొసన బరువు కట్టిన తాడు. మోటారు ఆపి రాత్రియంతయు ఊరనిచ్చి, తెల్లవారి కరెంటు రాకముందే కొలువవలెను. నడుచుచున్న బోరులో కొలిచిన అంకె మోసగించును. ఏడాదిలో రెండు కొలతలు ముఖ్యము. వానలకు ముందు మే చివర ఒకటి, వానలు వెలిసిన పిదప నవంబరులో ఒకటి. ఈ రెంటి తేడా ఆ ఏటి జమ. రబీకి విత్తులు కొనకముందే ఆ నవంబరు అంకెను తేదీతోకూడ పంచాయతీ గోడపై వ్రాయించి, దాని ప్రక్కనే గడచిన ఏటి అంకెను చెరపకుండ ఉంచవలెను.