ఒకే కారు – రెండు పనులు

ఎనిమిదో తరగతిలో దొర్లుడు ఘర్షణ పాఠం చెబుతూ ఒకరోజు పిల్లలకు ఒక బొమ్మ చూపించాను. అది 1959 నాటి అమెరికన్ కాడిలాక్ కారు. దాని వెనుక తలుపు తెరిచి ఉంది. లోపల నేలమీద వరుసగా చిన్న చిన్న రోలర్లు ఉన్నాయి. "బరువైన శవపేటికను తేలికగా లోపలికి తోయడానికి ఈ రోలర్లు" అన్నాను. వెనుక బెంచీ కుర్రవాడు లేచి, "మాస్టారూ, శవాలు మోసిన కారును ఎవరైనా ముచ్చటపడి కొనుక్కుంటారా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది.

కొనుక్కుంటారు. కొని, ఏళ్ల తరబడి బాగుచేసుకుని, అందరూ ఒకచోట చేరి ఒకరి బండి ఒకరికి చూపించుకుంటారు కూడా. పాత శవవాహనాలన్నా, పాత అంబులెన్సులన్నా ఇష్టపడేవారి కోసం అమెరికాలో 1976లో 'ప్రొఫెషనల్ కార్ సొసైటీ' అనే సంఘం ఏర్పడింది. శవవాహనాలకూ అంబులెన్సులకూ కలిపి ఒకే సంఘం ఏమిటని మీకు సందేహం రావచ్చు. అసలు కథంతా ఆ సందేహంలోనే ఉంది.

ముందుగా ఈ కారు ఎలా తయారయ్యేదో చూద్దాం. విజయవాడ ఆటోనగర్ వైపు వెళ్లినవారు లారీ ఛాసీలు చూసే ఉంటారు. ఇంజను, చక్రాలు, స్టీరింగు ఉంటాయి గాని పైన బాడీ ఉండదు. తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు దానిని ఎండలోనే నడుపుకుంటూ వస్తాడు. బాడీని అక్కడి షాపులవారు కడతారు. కాడిలాక్ కంపెనీ చేసినదీ ఇంచుమించు ఇదే. మామూలు కారుకన్నా పొడవైన, బలమైన ఛాసీని తయారుచేసి, ఒహాయో రాష్ట్రంలోని మిల్లర్-మీటియర్, సుపీరియర్ వంటి బాడీ కంపెనీలకు అమ్మేది. 1959లో మామూలు కాడిలాక్ ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 130 అంగుళాలు. ఈ ప్రత్యేక ఛాసీకి అది 156 అంగుళాలు, అనగా 13 అడుగులు! ఆ సంవత్సరం ఇటువంటి ఛాసీలు 2,000 పైచిలుకు మాత్రమే తయారయ్యాయి.

ఇరుసుల మధ్య దూరం పెరిగితే ఒక లాభం ఉంది. ఒక పొట్టి చెక్క, ఒక పొడవాటి చెక్క తీసుకుని, ఒక్కొక్కదాని ఒక చివర కింద ఒకే రకం ఇటుక పెట్టి చూడండి. పొడవాటి చెక్క తక్కువ వాలుతుంది. కారు ముందు చక్రాలు గతుకు ఎక్కినప్పుడు జరిగేదీ అదే. లోపల పడుకున్న మనిషికి కుదుపు తక్కువగా తెలుస్తుంది.

చాలా శవవాహనాల వెనుక భాగాన ఇరుపక్కలా 'ఎస్' అక్షరం ఆకారంలో మెరిసే లోహపు కడ్డీ ఒకటి కనిపిస్తుంది. అది ఏ పనీ చేయదు! పూర్వం లాండో అనే గుర్రపు బండికి మడిచే టాపు ఉండేది. దానిని మడవడానికి ఈ కడ్డీ కీలుగా ఉపయోగపడేది. మోటారు వచ్చింది, ఉక్కు కప్పు వచ్చింది, టాపు మడిచే అవసరం పోయింది. కడ్డీ మాత్రం అలంకారంగా నిలిచిపోయింది. మన చెవులను కదిపే కండరాలు మనకు ఎంత పనికివస్తాయో ఇదీ అంతే.

ఇక మన సందేహానికి వద్దాం. 1960ల వరకు అమెరికా చిన్న పట్టణాలలో చాలాచోట్ల అంబులెన్సు నడిపినది ఆసుపత్రివారు కారు, అంత్యక్రియలు జరిపించే సంస్థలవారు. కారణం చాలా మామూలుది. మనిషిని పడుకోబెట్టి తీసుకుపోగల పొడవాటి కారు ఊరిలో వారి దగ్గరే ఉండేది. రెండు కార్లు కొనలేనివారి కోసం బాడీ కంపెనీలు 'కాంబినేషన్' కార్లు కట్టి ఇచ్చాయి. నేలలోని రోలర్లను తిరగవేస్తే చదునైన నేల వస్తుంది. మడిచి ఉన్న కుర్చీని లేపితే రోగి పక్కన మనిషి కూర్చోవచ్చు. కప్పు మీద ఎర్ర దీపం బిగిస్తే అంబులెన్సు సిద్ధం. మధ్యాహ్నం శ్మశానానికి వెళ్లివచ్చిన కారే సాయంత్రం రోడ్డు ప్రమాదం జరిగిన చోటికి పరుగెత్తేది. 1984లో వచ్చిన 'గోస్ట్‌బస్టర్స్' సినిమా చూసినవారికి అందులోని తెల్ల కారు గుర్తుండే ఉంటుంది. అది 1959 నాటి మిల్లర్-మీటియర్ కాంబినేషన్ కారే.

సైరన్ సంగతి చెప్పకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. ఇప్పటి సైరన్ ఎలక్ట్రానిక్ పరికరం. అప్పటిది మోటారుతో తిరిగే చక్రం. దాని చుట్టూ రంధ్రాలున్న కదలని డొల్ల ఒకటి ఉంటుంది. చక్రం గాలిని పీల్చి బయటికి తోస్తుంది. చక్రం రంధ్రాలూ డొల్ల రంధ్రాలూ ఎదురెదురుగా వచ్చినప్పుడు గాలి బయటికి వస్తుంది, తప్పుకున్నప్పుడు ఆగుతుంది. చక్రానికి 10 రంధ్రాలుండి, అది సెకనుకు 50 సార్లు తిరిగితే, సెకనుకు 500 గాలి దెబ్బలు. అనగా ధ్వని పౌనఃపున్యం 500 హెర్ట్జ్. వేగం పెరిగేకొద్దీ గొంతు పైకి లేస్తుంది. ఫెడరల్ కంపెనీవారి 'క్యూ' సైరన్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 100 ఆంపియర్ల విద్యుత్తు లాగేది. మన ఇంట్లో 60 వాట్ల బల్బు తీసుకునేది పావు ఆంపియరు! స్విచ్చి ఆపినా జడత్వం వలన చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందుచేత ఆ సైరన్‌కు బ్రేకు కూడా పెట్టారు.

ఇంత సొగసైన కారు ప్రాణాలు నిలబెట్టిందా? ఇక్కడే నా మనసు కలుక్కుమంటుంది. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక నివేదిక వెలువరించింది. 1965 ఒక్క సంవత్సరంలోనే ఆ దేశంలో ప్రమాదాల వలన 1,07,000 మంది చనిపోయారని అందులో ఉంది. దేశంలోని అంబులెన్సు సేవలలో సుమారు సగం 12,000 మంది అంత్యక్రియల నిర్వాహకుల చేతిలో ఉన్నాయని, వారి వాహనాలలో స్ట్రెచరు పట్టడమే దానికి ముఖ్య కారణమని కూడా ఆ నివేదిక చెప్పింది. అంటే రోగిని మోసుకుపోవడమే తప్ప దారిలో చికిత్స అంతంతమాత్రం.

కప్పు ఎత్తునే తీసుకోండి. గుండె ఆగిన మనిషి ఛాతీని నొక్కి రక్తం ప్రవహింపజేసే పద్ధతిని వైద్యులు 1960లో ప్రకటించారు. నొక్కేవారి భుజాలు రోగి ఛాతీకి నిట్టనిలువుగా పైన ఉండాలి, మోచేతులు వంగకూడదు. అప్పుడే శరీరం బరువంతా కిందికి దిగుతుంది. పొట్టి కప్పు ఉన్న కారులో అలా లేచి నిలబడబోతే తల తగులుతుంది. ఆ కారు శవపేటిక ఎత్తుకు తగినట్టు కట్టినది. బ్రతికించేవాడికి అందులో చోటు లేదు. కొన్ని కంపెనీలు కప్పు ఎత్తు పెంచి చూశాయి గాని, అప్పటికి కాలం మారిపోయింది. 1967లో పిట్స్‌బర్గ్ నగరంలో 'ఫ్రీడమ్ హౌస్' అంబులెన్సు సేవ మొదలైంది. అందులోని నల్లజాతి యువకులకు డాక్టర్ పీటర్ సఫార్ దారిలోనే వైద్యం చేసే శిక్షణ ఇప్పించారు. 1974లో వెలువడిన ప్రభుత్వ ప్రమాణాలలో అంబులెన్సులు మూడు రకాలు. మూడూ ట్రక్కు, వ్యాన్ జాతివే. కారు లేదు! 1970ల చివరికి కాడిలాక్ అంబులెన్సుల తయారీ ఆగిపోయింది. ఈసారి మన 108 బండి కనిపించినప్పుడు దాని కప్పు ఎత్తు గమనించండి. కారణం మీకు తెలుసు.

పనిలేని పాత కార్లు ఏమయ్యాయి? వాటి ఛాసీ గట్టిది కనుక, కార్లను ఒకదానికొకటి గుద్దించే పోటీలలో ఎన్నో తుక్కయ్యాయి. కెనడా గాయకుడు నీల్ యంగ్ 1960లలో 1948 నాటి బ్యూక్ శవవాహనంలో తన వాద్యబృందంతో తిరిగాడు. బరువైన స్పీకరు పెట్టెలకు శవపేటిక రోలర్లు చక్కగా పనికివచ్చాయి. మా కుర్రవాడికి ఈ మాట చెబితే దొర్లుడు ఘర్షణ ఇక మరిచిపోడు!

మిగిలినవాటిని అభిమానులు చేరదీశారు. ఇంజను భాగాలు వెతికితే దొరుకుతాయి, ఎందుచేతనంటే మామూలు కాడిలాక్‌లోనూ అదే ఇంజను. వెనుక తలుపు, పక్క అద్దం విరిగితేనే చిక్కు. బాడీ షాపులు వాటిని కొద్ది సంఖ్యలో, చాలావరకు చేతిపనిగా చేసినవి. కొత్తవి దొరకవు, సంవత్సరాల తరబడి వెతకాలి. ఆ కాలపు స్ట్రెచరు, ఆ కాలపు సైరన్, ఆ కాలపు మందుల పెట్టెతో సహా అమర్చుకునేవారూ ఉన్నారు.

ఎవరైనా "ఇది ఉత్తి శవవాహనం" అని అమ్మజూపితే తెలిసిన అభిమాని ముందు కప్పు మీద తడిమి చూస్తాడు. దీపం బిగించే రంధ్రాన్ని మూసిన మూత అక్కడ తగిలిందా, తరువాత లోపలికి వంగి రోలర్లను తిరగవేసి చూస్తాడు. అవి తిరగబడి నేల చదునైతే, ఆ కారు ఒకప్పుడు బ్రతికి ఉన్నవారి కోసం కూడా పరుగెత్తిందన్నమాట.