ముస్తాబు దీవాన్‌ఖానాకేనా?

షాబాన్ నెల సగం దాటిందంటే చాలు, మన ఇళ్లలో సున్నాలు, రంగుల సందడి మొదలవుతుంది. రంజాన్ వచ్చేలోగా గోడలు మెరవాలి, పరదాలు మారాలి. ఈద్ నాటికి సోఫాలకు కొత్త గలేబులు ఉండాలి. పెళ్లి కుదిరిన ఇల్లయితే ఇక చెప్పనవసరమే లేదు. మంచిదే. ఇంటిని శుభ్రంగా, ముచ్చటగా ఉంచుకోవడం ఎవరూ తప్పు పట్టని పని. అయితే ఈ ముస్తాబు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతున్నదో ఒకసారి గమనించమని మా మనవి. చాలా ఇళ్లలో అది దీవాన్‌ఖానాలో మొదలై, మధ్య గదిలో ఆయాసపడి, వంటింటి గడప దగ్గర ఆగిపోతుంది.

నాంపల్లి, ఆబిడ్స్ వెనక గల్లీల్లోని ఇళ్లను చూడండి. అతిథులు కూర్చునే గదికి వీధి వైపు కిటికీ, ఫ్యాను, షోకేసు, ఈమధ్య ఫాల్స్ సీలింగు కూడా. వెనక వంటింట్లో ఒక్క బల్బు, నూనె జిడ్డు పట్టిన గోడ, సగం మూసుకుపోయిన గవాక్షం. అతిథి నెలకు రెండుసార్లు వస్తాడు, అరగంట కూర్చుంటాడు. ఇంటి ఇల్లాలు సహరీకి ముందు లేచి, ఇఫ్తార్ తర్వాత గిన్నెలు కడిగేదాకా వంటింట్లోనే ఉంటుంది. ఖర్చు ఎవరి కోసం పెట్టాలో దీన్నిబట్టే తెలియడం లేదూ!

అందం అంటే కొని తెచ్చి తగిలించేదని మనకొక అభిప్రాయం. అది సరికాదని చెప్పడానికి మొజంజాహీ మార్కెట్టే సాక్ష్యం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండవ కుమారుడు మొజ్జంజా పేరిట 1935లో గ్రానైటు రాతితో కట్టిన ఈ మార్కెట్‌కు గడియార స్తంభం, గుమ్మటాలు, కమానుల వరండాలు, ఎత్తైన కప్పు, మధ్యలో విశాలమైన ఆవరణ ఉన్నాయి. అయినా ఏళ్ల తరబడి ఆ అందం ఎవరి కంటికీ ఆనలేదు. రేకుల పందిళ్లు, రకరకాల బోర్డులు, వేలాడే వైర్లు, రాయిపై పూసిన రంగుల కింద అది మరుగున పడిపోయింది. 2018లో పునరుద్ధరణ మొదలై 2020 ఆగస్టులో మార్కెట్ మళ్లీ ప్రారంభమైంది. కప్పుకు మరమ్మతులు చేశారు, రాత్రి వేళ దీపాలూ పెట్టారు. కానీ జనం ఆగి చూసింది వాటిని కాదు. అడ్డుగా ఉన్నవి తీసేసి, రాయిని కడిగాక బయటపడిన పాత కట్టడాన్నే చూశారు. ఐస్‌క్రీం తినడానికి అక్కడికి వెళ్లేవారు ఒకసారి తల ఎత్తి ఆ కప్పు ఎత్తు చూడండి.

ఇందులో ఇంకొక విశేషం ఉంది. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో హైదరాబాద్‌లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి గాలి, వెలుతురు వచ్చే ఇళ్లు కట్టించడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ప్లేగు భయం అప్పట్లో అంతగా ఉండేది. ‘సి.ఐ.బి. క్వార్టర్లు’ అనే మాట ఇప్పటికీ కొన్ని పేటల్లో వినిపిస్తుంది. ఆనాటి వారు ఇంటికి ముందు గాలి గురించి ఆలోచించారు. మనం రంగు గురించి ఆలోచిస్తున్నాం.

కనుక వంటింటితోనే మొదలు పెడదాం. మొట్టమొదట వెలుతురు. చాలా వంటిళ్లలో దీపం గది మధ్యలోనో, వెనక గోడకో ఉంటుంది. వండే మనిషి నీడ పొయ్యి మీదే పడుతుంది. అదే ట్యూబ్‌లైటును గట్టుకు ఎదురు గోడ మీదికి మారిస్తే గంట పని, తీగ ఖర్చు, అంతే. అలమారాల అరలకు వేసే కడప రాయి నల్లగా ఉండి వెలుతురును మింగేస్తుంది. కాబట్టి దాని పైగోడకు తెల్ల టైల్సు గాని, తెల్ల సున్నం గాని ఉండాలి. చెమ్మ గోడకు ఆయిల్ పెయింటు వేయించకండి. చెమ్మ లోపలే బందీ అయి, ఏడాది తిరగకుండా పొక్కులు లేస్తుంది. ముందు నల్లా గొట్టం ఎక్కడ కారుతున్నదో చూసి బాగు చేయించాలి. ఆ తర్వాత సున్నమే మేలు.

గట్టు ఎత్తు సంగతి మేస్త్రీ తన లెక్క ప్రకారం తేలుస్తాడు. అలా వదిలేయకండి. వండే మనిషిని నిలబెట్టి, మడిచిన మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా గట్టు వచ్చేటట్లు కట్టించండి. నడుము నొప్పికి మందులు కొనడం కంటే ఇది చౌక.

ఇప్పుడు కొత్తగా వస్తున్న చెక్క అలమారాల వంటిళ్లలో గ్యాస్ సిలిండర్‌ను కూడా తలుపు వెనక దాచేస్తున్నారు. చూపుకు బాగానే ఉంటుంది. కానీ వంట గ్యాస్ గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. మూసిన అలమారాలో అది పేరుకుపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండర్ నిలువుగా, పొయ్యి కంటే కిందుగా, గాలి ఆడేచోట ఉండాలి. గోడకు పైన ఎగ్జాస్టు ఫ్యాను ఉన్నా, కింద నేల మట్టంలో ఒక జాలీ తప్పనిసరి. పొయ్యి దగ్గర నైలాను పరదాలు, ప్లాస్టిక్ పూలు వద్దే వద్దు.

తాతల నాటి రాగి దేగ్‌లు, పాన్‌దాన్, ఖాస్‌దాన్ అటక మీద మసిబారుతుంటే, బేగంబజార్‌లో కొత్త షోపీసులు వెతికేవారిని చూస్తే మాకు ఆశ్చర్యం వేస్తుంది. చింతపండుతో, బూడిదతో తోమి అరలో పెట్టండి, వాటికి మించిన అలంకారం లేదు. వండే దేగ్‌కు మాత్రం కళాయి ఉండాలి. కళాయి పోయిన రాగి గిన్నెలో ఖట్టీ దాల్, బగారా బైంగన్ వంటి పులుపు వంటలు వండితే రాగి కూరలోకి దిగి హాని చేస్తుంది. బరువైన దేగ్‌లను అటక ఎక్కించడం కూడా మంచిది కాదు. దించేది ఎప్పుడూ ఆడవాళ్లే కదా!

ఇక దీవాన్‌ఖానా. ఇక్కడ ఒక హదీసు గుర్తు చేసుకోవాలి. దైవప్రవక్త (స) ప్రయాణంలో ఉండగా హజ్రత్ ఆయిషా (రజి) ఇంటి ద్వారానికి అలంకారంగా ఒక వస్త్రం వేలాడదీశారు. ఆయన తిరిగివచ్చి దాన్ని ఇష్టపడక తీసేశారు. రాళ్లకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ మనకు ఆదేశించలేదని చెప్పారు. ఆమె ఆ బట్టను కోసి, ఖర్జూర పీచు నింపి రెండు దిండ్లు కుట్టారు. దానికి ఆయన అభ్యంతరం చెప్పలేదని సహీహ్ ముస్లింలో ఉంది. గోడకు ఉన్నప్పుడు వద్దన్న బట్టే మనిషి ఆనుకునే దిండు అయితే సమ్మతమైంది. మాకు ఇందులో గృహాలంకరణ శాస్త్రమంతా కనబడుతుంది.

మనిషికి పనికివచ్చే అందమైన వస్తువులు మన రాష్ట్రాల్లో తక్కువేమీ కాదు. చెక్క అచ్చులతో, సహజ రంగులతో అద్దే మచిలీపట్నం కలంకారీలో తీగలు, పూలే ప్రధానం. పారశీక వర్తకుల అభిరుచి దాని మీద పడింది. దస్తర్‌ఖాన్‌కు, దిండ్లకు చక్కగా అమరుతుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. జంపఖానా పరిచి, తెల్ల చాందినీ వేసి, గోడవారగా గావ్‌తకియాలు పెడితే నలుగురు పట్టే గదిలో పన్నెండు మంది కూర్చుంటారు. లేవగానే చుట్టేస్తే గది మళ్లీ ఖాళీ. ఎండ కోసం, పరదా కోసం మేదరులు అల్లే వెదురు చిల్మన్ ఉండనే ఉంది. అది చూపును ఆపుతుంది గాని గాలిని ఆపదు.

1938 నుంచి సాగుతున్న నుమాయిష్ ఏటా జనవరిలో నాంపల్లిలో మొదలవుతుంది. అక్కడికి వెళ్లేముందు ఇంట్లో కొలతలు, అవసరాలు చీటీ మీద రాసుకుని వెళ్లడం మంచిది. లేకపోతే గది పట్టని కార్పెట్టు, గది నిండా దుమ్ము ఇంటికి వస్తాయి. ఈద్ ముస్తాబుకు వడ్డీ అప్పు చేసే ఇళ్లు కూడా లేకపోలేదు. వడ్డీ హరామ్ అని తెలిసి, ‘వచ్చినవాళ్లు ఏమనుకుంటారో’ అన్న ఒక్క మాటకు లొంగిపోవడం ఎంత విచారకరం!

రెండు గదుల అద్దె ఇంట్లో ఒక గదిని అతిథుల కోసమని తాళం వేసి ఉంచి, పిల్లలను మంచం మీద, వంటింటి గడప మీద చదివించే అలవాటు ఇకనైనా పోవాలి. ఆ గది తలుపు తీయండి. ఖిబ్లా వైపు మూల ఖాళీ చేస్తే జానమాజ్ పరచడానికి చోటు దొరుకుతుంది. సోఫా ఒకటి తగ్గిస్తే గోడవారగా పొట్టి బల్ల పడుతుంది. పదో తరగతి చదివే అమ్మాయికి ఆ బల్ల, దానిపైన ఒక ట్యూబ్‌లైటు చాలు.