ఆగిన ట్రాలీ ఊగకుండా

మేడారం జాతర రెండేళ్లకు ఒకసారి వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. జనగామ జిల్లా నర్మెట్ట నుంచి కూడా జనం పోతారు. హనుమకొండ, ములుగు, పస్రా, తాడ్వాయి దాటి మేడారం చేరుతారు.

వెనుకట ఎడ్లబండ్లు కట్టుకొని పోయేవారు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాలీ మీద టార్పాలిన్ కప్పుతారు. లోపల గడ్డి పరుస్తారు. గిన్నెలు, బియ్యం, కట్టెలు సర్దుతారు. జాతర అయ్యేదాకా అదే ఇల్లు.

కాని ఆ ఇంటికి ఒక తిప్పలు ఉంది. అది ఊగుతుంది.

ఒక ఇల్లు అనుకోండి. అత్త, కోడలు, పిల్లలు ట్రాలీలో పడుకున్నారు. ఒకరు పక్కకు తిరిగితే అందరూ కదులుతున్నారు.

"అత్తమ్మా, ఉయ్యాల్ల పండినట్టున్నది. పోరనికి నిద్ర పడుతలేదు" అంది కోడలు.

"ఊగుడు సంగతి అటుంచు బిడ్డా. అందరం ఎనుకకు జరిగితే బండి ఎత్తేస్తదేమో చూడు" అంది అత్త.

అత్త మాట నిజం. ఊగుడు నిద్ర చెడగొడుతుంది. కాని బండి లేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఎందుకు ఊగుతుంది?

టైరులో ఉన్నది గాలి. బరువు పడితే అణుగుతుంది. బరువు తీస్తే లేస్తుంది. కొన్ని ట్రాలీలకు కమాన్ పట్టీలు ఉంటాయి. అవి కూడా అట్లనే వంగి లేస్తాయి. రోడ్డు మీద ఇది మంచిదే. కుదుపు తగ్గుతుంది. ఆగినప్పుడు మాత్రం అదే ఊగుడు అవుతుంది.

రెండు చక్రాల ట్రాలీకి ఇంకో సంగతి ఉంది. చక్రాల నడుమ ఇరుసు ఉంటుంది. పిల్లలు మొద్దు మీద పలక వేసి ఇటొకరు అటొకరు కూర్చుంటారు కదా! ట్రాలీ కూడా అంతే. ఇరుసుకు వెనుక బరువు పెరిగితే ముందు భాగం పైకి లేవాలని చూస్తుంది. ట్రాక్టర్ తగిలించి ఉంటే అది ముందు భాగాన్ని పట్టుకుంటుంది. ట్రాక్టర్ విప్పితే ముందు ఒక్క స్టాండే దిక్కు. స్టాండు కింది నుంచి మోస్తుంది గాని, పైకి లేవకుండా ఆపలేదు.

పాతవాళ్లు ఏం చేసేవారు?

ఎడ్లను విప్పగానే నొగల కింద ఊతకర్ర పెట్టేవారు. చక్రాలకు ముందు, వెనుక రాళ్లు పెట్టేవారు. ఆ తెలివే ట్రాలీకి కూడా పనికొస్తుంది. అమెరికా లాంటి దేశాల్లో చక్రాల మీద ఇల్లు కట్టి, కారుకు తగిలించి ఊళ్లు తిరుగుతారు. ఆ ఇండ్లు కూడా ఊగుతాయి. అందుకే ఆగిన చోట మూలల కింద జాకీలు దించుతారు.

ఏం చేయాలి?

ఒకటి: చదునైన చోట ఆపాలి. వాలు వద్దు. వాగు ఇసుక వద్దు. కుదిరితే ట్రాక్టర్ విప్పకుండా ఉంచాలి. బ్రేకు వేసి తాళం తీయాలి.

రెండు: ట్రాలీ చక్రాలకు ముందు, వెనుక అడ్డు పెట్టాలి. గుండ్రాయి దొర్లుతుంది. మూలలున్న రాయి గాని, ఏటవాలుగా చెక్కిన మొద్దు గాని మంచిది.

మూడు: వెనుక రెండు మూలల కింద ఊతలు పెట్టాలి. ముందుగా నేల మీద వెడల్పు పలక వేయాలి. పలక లేకుంటే ఊత మట్టిలో దిగబడుతుంది. పలక మీద గట్టి దుంగ నిలబెట్టాలి. దుంగకు, ట్రాలీకి నడుమ సందులో ఏటవాలు చెక్కను సుత్తితో కొట్టాలి. బిగువుగా ఉంటే చాలు. టైరు నేల విడిచేంత లేపవద్దు.

నాలుగు: ఊత ఇనుప చాసి కింద ఉండాలి. రేకు కింద పెడితే రేకు వంగుతుంది. ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు. అవి పగులుతాయి, జారుతాయి.

ఐదు: ఒకరే ఎక్కి అటూ ఇటూ కదలి చూడాలి. గంట తర్వాత చెక్కలు మళ్లీ చూడాలి. నేల అణిగితే ఊత వదులవుతుంది.

కొనాలంటే మర తిప్పే జాకీ కొనవచ్చు. నూనెతో లేచే జాకీ రాత్రంతా ఉంచడానికి పనికిరాదు. నూనె కారితే అది మెల్లగా దిగిపోతుంది.

ఇవి మరువవద్దు

లోపల మనుషులు ఉండగా ట్రాక్టర్ విప్పవద్దు. ట్రాలీ కింద పిల్లలను ఆడనివ్వవద్దు, పండనివ్వవద్దు. ఊత పెట్టినా సరే, పండనివ్వవద్దు.

బయలుదేరే ముందు అందరూ దిగాలి. మొదట మూలల ఊతలు తీయాలి. ట్రాక్టర్ తగిలించి ఉందో లేదో చూడాలి. చక్రాల అడ్డు చివరన తీయాలి. అది ముందే తీస్తే బండి కదులుతుంది.

మరో మాట. ట్రాలీ సామానుకే గాని మనుషుల ప్రయాణానికి కాదు. చట్టం కూడా ఒప్పుకోదు. సామాను ట్రాలీలో పోనీయండి. మనుషులు బస్సులో పోవడం మేలు. తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది. 2024 జాతర బస్సులకూ అది వర్తించింది.

కోడలు ఏం చేసింది?

తెల్లారి అత్తాకోడళ్లు దుంగలు, పలకలు వెతికి తెచ్చారు. మూలల కింద బిగించారు. ఆ రాత్రి పోరడు హాయిగా పండిండు. తిరిగి వచ్చే ముందు కోడలు ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసింది: "పలకలు 2. దుంగలు 2. చెక్కలు 2. రాళ్లు 4." ఆ అట్టను ట్రాక్టర్ సీటు దగ్గర కట్టింది.

"గదెందుకు బిడ్డా?" అంది అత్త.

"లెక్క సరిపోతేనే బండి కదలాలె అత్తమ్మా. ఒక్క దుంగ కిందనే ఉంటే బండి బోర్ల పడ్తది" అంది కోడలు.

ఆలోచించండి

1. మీ ఊరిలో ట్రాలీలకు రెండు చక్రాలా, నాలుగు చక్రాలా?
2. వడ్ల బస్తాలు ఎక్కించేటప్పుడు ట్రాలీ కింద ఏం పెడుతున్నారు?
3. వెనుక మూలకే బస్తాలన్నీ వేస్తే ఏమవుతుంది?
4. కోడలు రాసిన అట్ట లాంటిది మీరూ ఒకటి రాయండి.